వరుస తప్పని పది జవాబులు

నా గొంతులో సగం 'ఇఫ్' అనే ఒక్క మాటకే అరిగిపోయింది. పొద్దున బడిలో తొమ్మిది, పది తరగతులు. సాయంత్రం ఇంట్లో ట్యూషన్. ఎక్కడైనా అదే పాఠం. ఇఫ్‌తో వాక్యం మొదలుపెట్టు, పని చేసినవాణ్ని పక్కకు తప్పించు, పని ఎలా జరిగిందో చెప్పే మాటను తెచ్చి 'ఈజ్'కీ క్రియకూ నడుమ కూర్చోబెట్టు. 'ఇఫ్ ది డోర్ ఈజ్ ప్రాపర్లీ క్లోజ్డ్.' తలుపు సరిగ్గా వేస్తే. వేస్తే ఏమవుతుందో ముప్ఫై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. లాల్‌దర్వాజాలో నేనుండే అద్దెగది తలుపు మాత్రం వాన పడితే ఇప్పటికీ సరిగ్గా పడదు.

గుమ్మం పక్కన ఒక రేకు బోర్డు ఉంది. 'ఇచ్చట ఇంగ్లీషు గ్రామరు చెప్పబడును.' చెప్పబడునట! దానంతటదే చెప్పబడుతున్నట్టు. చెప్పేది నేను, నోరు నొప్పిపుట్టేది నాకు. బోర్డు రాసినవాడు నన్నడగలేదు, నేనూ మార్చమనలేదు. కింది వాటాలో ఉండే ఇంటామె అప్పుడప్పుడు మెట్ల దగ్గర నిలబడి, "ఆ ఒక్క ముచ్చట ఎన్నేండ్లు చెప్తవమ్మా, నీ నోరు నొయ్యదా?" అంటుంది. నొస్తుంది. కానీ ఆ మాట చెప్పడానికి కూడా నోరే కావాలి కదా.

బడి నుంచి వచ్చి, రెండు ముద్దలు తిని, మూడింటి నుంచి నాలుగింటి దాకా మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకుంటాను. రోజు మొత్తంలో నాదనే గంట అదొక్కటే. నిరుడు ఎండలు తగ్గే రోజుల్లో ఒకాయన సరిగ్గా ఆ గంటకే వచ్చి తలుపు తట్టాడు.

యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో రెండు కాగితాలు. వేళ్ల చివర్లు ఎప్పుడూ నీళ్లలో నానే చేతుల్లా తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి.

"సలాం మేడం. జర మాట్లాడాలె. మా ఇల్లు పురానాపూల్ కాడ."

పెద్దవాళ్లకు పాఠం చెప్పనని ముందే అనేద్దామనుకున్నాను. కానీ ఆయన చెప్పులు బయట విప్పి, వాటిని గోడకు సమంగా జరిపి, అప్పుడు లోపలికి వచ్చాడు. నా పిల్లల్లో ఒక్కడైనా అట్లా చెప్పులు విప్పిన పాపాన పోలేదు. అందుకే కూర్చోమన్నాను.

సైదాబాద్ వైపు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తాడు. ఆపరేషన్‌కు వాడిన కత్తెరలు, పట్టకార్లలాంటి చిమ్టాలు, క్లాంపులు ఒక గదికి వస్తాయి. వాటిని నానబెట్టి, బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, ట్రేలో సర్ది, గుడ్డలో చుట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి, మళ్లీ పైకి పంపాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ గది ఆయనదే. ఈమధ్య కొత్త యాజమాన్యం వచ్చింది. ఆస్పత్రికి ఏదో పెద్ద గుర్తింపు కావాలంట, అందుకని ప్రతి గదిలో పనిచేసేవాళ్లకూ రాతపరీక్ష. అదీ ఇంగ్లీషులో. పది ప్రశ్నలు ముందే ఇచ్చారు. రాయలేనివాళ్లను ఆ గది నుంచి తీసేసి మాసిన బట్టల బండికి వేస్తారు.

"నౌకరి పోదు మేడం, గది పోతది," అన్నాడు. "రిటైర్ అయ్యేటందుకు ఇంకా ఆరేండ్లున్నది నాకు. ఇరువై ఆరేండ్లు ఆ గదిల ఉండి, ఇప్పుడు బట్టల బండి నూకమంటె నా ఇజ్జత్ ఏముంటది? ఉర్దూ మీడియంల ఏడు దాకా చదివిన. ఏబీసీడీ వస్తది. లేబుళ్లు చదువుత. గీ వాక్యాలే రావు."

కాగితం తీసుకుని చూశాను. చూస్తూనే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పదికి పదీ నా పాఠమే. పనిముట్లను సరిగ్గా కడగకపోతే ఏమవుతుంది? ట్రేను వదులుగా చుడితే ఏమవుతుంది? ప్యాకెట్ తడిగా బయటికొస్తే ఏం చేయాలి? ఆవిరి బాగా తగిలిందని చూపే టేపు మీద గీతలు పూర్తిగా నల్లబడకపోతే ఏం చేయాలి? లాల్‌దర్వాజా పిల్లలకు తలుపు వేయడం నేర్పడానికి కాక, ఈ పాఠం లోకంలో ఎవరికైనా నిజంగా పనికొస్తుందని నాకు అప్పుడే తెలిసింది. నా మూడింటి నిద్రకు నీళ్లు వదులుకున్నాను.

చెప్పడం మొదలుపెట్టాక ఆశ్చర్యపోయే వంతు నాదైంది. పిల్లలకు నెలరోజులు పట్టే సంగతి ఆయనకు రెండో రోజే పట్టుబడింది. 'ప్రాపర్లీ' ఎక్కడ పెట్టాలో చెప్పబోతుంటే, ఆగమన్నట్టు చెయ్యెత్తి తనలో తాను గొణుక్కున్నాడు.

"మా ఉర్దూల గూడ గట్లనే కదా మేడం. అగర్ ఔజార్ ఠీక్ సే ధోయే గయే తో. ఠీక్ సే ముందు, ధోయే వెనక. ప్రాపర్లీ ముందు, వాష్డ్ వెనక. గంతే కదా?"

"గంతే భాయ్," అన్నాను. ముప్ఫై ఏళ్లలో నాకు తోచని దారి.

కానీ ఒక్కచోట ఆగాడు. పెన్ను కింద పెట్టి, "మరి కడిగేటోడు యాడ పోయిండు ఇందుల?" అని అడిగాడు.

"ఇంగ్లీషుల అవసరం లేదు భాయ్. పని అయ్యిందా లేదా, ఎట్ల అయ్యింది, అదే చూస్తరు. ఎవరు చేసిన్రో అక్కర లేదు."

"ఔ మేడం," అని నవ్వాడు. "దవాఖానల గూడ గంతే."

వాక్యం అర్థమైంది గానీ పది జవాబులూ గుర్తుండాలి కదా. దానికి నాకొక పద్ధతి ఉంది. పరీక్ష తప్పే పిల్లలను గట్టెక్కించడానికి ఎప్పుడో కనిపెట్టుకున్నది. ఒక్కో జవాబును ఒక్కో వేలికి కట్టాలి. కుడి బొటనవేలు మొదటిది, ఎడమ చిటికెనవేలు పదోది. వేలు ముడిస్తే జవాబు రావాలి. బట్టీ పట్టించడమే, దానికి ఇంకో పేరెందుకు. పిల్లలు ఈ వేళ్ల లెక్కలో సగంలోనే తప్పిపోతారు. ఆయన తప్పిపోలేదు. నాలుగు రోజుల్లో పది వేళ్లూ ముడిచాడు.

"మా ట్రే లెక్కనే ఉంది మేడం," అన్నాడు సంతోషంగా.

ట్రే సంగతి ఆ రోజే చెప్పాడు. నోట్‌బుక్కులో బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఇటు పక్క కత్తెరలు, వాటి పక్కన చిన్న క్లాంపులు, తర్వాత పెద్దవి, అటు చివర చిమ్టాలు. ఎవరు సర్దినా అదే వరుస.

"డాక్టర్ సాబ్ పేషెంటు మీది నుంచి కన్ను తియ్యడు. చెయ్యి సాపుతడు, అంతే. సిస్టర్ గూడ చూడది, చెయ్యి పెడితే కావల్సింది చేతికి రావాలె. వరుస తప్పితే ఆడ పండుకున్నోని పానం పోతది."

"వేరేటోళ్లు వరుస తప్పి సర్దితే?"

"ఎవరికి చెప్పను మేడం. లొల్లి ఎందుకు? సప్పుడు చెయ్యకుండ నేనే సరిచేసి పెడుత."

ఆ మాట నేను విన్నాను. బొమ్మ బాగుందని మెచ్చుకున్నాను కూడా. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

పరీక్ష సోమవారం. శనివారం చివరి క్లాసు. వేళ్లతో నేర్పినవాళ్లకు చివరి రోజు నేను తప్పకుండా ఒక పని చేస్తాను. ప్రశ్నలను చీటీల మీద రాసి, డబ్బాలో వేసి, కలిపి, ఒక్కోటి తీసి అడుగుతాను. లేకపోతే వేళ్ల వరుస మనిషిని బావిలో దింపుతుంది. ఎనిమిదో ప్రశ్న ముందొస్తే ఎనిమిదో వేలి దగ్గరికి పోవడం వేరే నేర్పాలి. ఆయన కోసం కూడా పది చీటీలు రాసి, టీ పొడి అయిపోయిన స్టీలు డబ్బాలో వేసి పెట్టాను. శుక్రవారమే రాసి పెట్టాను.

శనివారం పొద్దుటి నుంచే గుడి మైకులు. ఆషాఢం బోనాలు కదా, మా గల్లీలో ఎవరి మాట ఎవరికీ వినబడదు. బడిలో యూనిట్ టెస్టు పేపర్లు దిద్ది వచ్చాను. మోకాలు వాచింది. తల పగిలిపోతోంది. ఆయన సరిగ్గా మూడింటికి వచ్చి, చెప్పులు గోడకు జరిపి కూర్చుని, పది వేళ్లూ ముడిచి పది జవాబులూ అప్పజెప్పాడు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. డబ్బా వంటగట్టు మీద ఉంది. లేచి పది అడుగులు వేయాలి.

"చాలు భాయ్," అన్నాను. "మీకు వచ్చేసింది. ఏం ఫికర్ చెయ్యకున్రి. ఇంటికి పోయి మంచిగ పండుకోన్రి."

నిజానికి పడుకోవాలనిపించింది నాకు. ఆయన దువా ఇచ్చి వెళ్లాడు. తలుపు చప్పుడు ఆగకముందే నేను మంచమ్మీద వాలాను. ఆ నిద్ర ఎంత హాయిగా పట్టిందో ఇప్పటికీ గుర్తుంది, అందుకే నా మీద నాకు అసహ్యం.

సోమవారం నాలుగింటికి పిల్లలు వచ్చే వేళ ఆయన మెట్లెక్కాడు. చేతిలో ఉస్మానియా బిస్కెట్ల డబ్బా. మొహం వెలిగిపోతోంది. పిల్లలందరికీ తనే పంచాడు, నాకు రెండిచ్చాడు.

"అన్నీ రాసిన మేడం! పదికి పది. మస్తు ఖుష్ అయిన. పక్కనున్నోళ్లు నాలుగు గూడ రాయలే."

"శబాష్ భాయ్. ఏ ప్రశ్న కష్టమైంది?"

"కష్టం ఏం లేదు. ఒక్క ముచ్చట," అని కొంచెం దగ్గరికి వంగాడు, వాళ్ల తప్పు బయటపెట్టడం ఇష్టం లేనట్టు. "పేపర్ చేసినోళ్లు వరుస ఖరాబ్ చేసిన్రు. తడి ప్యాకెట్ ముచ్చట మొదలు పెట్టిన్రు, కడిగే ముచ్చట ఆఖరికి పెట్టిన్రు. అంత గందరగోళం. నేను ఎవరికి చెప్పలే. ఒకటి కాడ ఒకటి, రెండు కాడ రెండు, మన వరుసలనే సరిచేసి రాసిన."

బిస్కెట్ నోట్లోనే ఉండిపోయింది. పిల్లలు చూస్తున్నారు. ఆయన మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

తడి ప్యాకెట్ గురించి అడిగినచోట కడగడం గురించి రాశాడు. కడగడం గురించి అడిగినచోట టేపు గీతల గురించి రాశాడు. పది వాక్యాలూ బంగారంలా ఉంటాయి, ఒక్కటీ ఉండాల్సిన చోట ఉండదు. ఎవరో వరుస తప్పి పెట్టిన ట్రేను సర్దినట్టు, వాళ్ల పరీక్షను సర్ది వచ్చాడు. అది కూడా ఎవరినీ నొప్పించకుండా.

"మంచిది భాయ్," అన్నాను. ఎవరైనా పుణ్యాత్ముడు నంబర్లు చూడకుండా జవాబులు చదువుతాడేమో అని మనసులో ఒక దిక్కుమాలిన ఆశ. ఆయన మిగతా బిస్కెట్లు కింద ఇంటామెకు ఇచ్చి వెళ్లిపోయాడు. ఆమె వాటిని టీలో ముంచుకుంటూ, "మంచోడు పాపం," అంది. నేను పైకి వచ్చి పిల్లలను ఊరికే తిట్టాను.

వారం తర్వాత ఆయన ఫోన్ చేశాడు. "సున్నా వచ్చిందంటున్నరు మేడం. యాడనో గల్తీ అయినట్టుంది వాళ్ల దిక్కు," అన్నాడు. గొంతులో కోపం లేదు, గందరగోళం ఉంది. మర్నాడు బడికి సెలవు పెట్టి ఆటో ఎక్కాను. నేను సెలవు పెట్టానంటే బడిలో అందరూ ఎవరో పోయారనుకుంటారు.

ఆ ఆస్పత్రిలో రాతపరీక్షలు చూసే ఆఫీసరు చిన్నపిల్ల. మెడలో కార్డు, ముందు కంప్యూటరు, మర్యాద చాలా ఉంది. మంచినీళ్లు తెప్పించింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పు నాది, వరుసలో బట్టీ పట్టించింది నేను, మార్చి అడగనిది నేను, దయచేసి ఒక్కసారి జవాబులు చదవండి, పదీ ఒప్పే ఉంటాయి, ప్రశ్నకు ఎదురుగా పెట్టుకుని చూడండి అని బతిమాలాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ పిల్ల కాగితం తీసి చూసింది. చదివింది కూడా, పెదాలు కదిలాయి. తర్వాత చాలా చక్కటి ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పింది. జవాబులకు నంబర్లు సరిగ్గా వేయబడకపోతే అవి లెక్కలోకి తీసుకోబడవు, అని దానర్థం.

వాక్యం నిర్దుష్టంగా ఉంది. ఇఫ్ ఉంది. 'కరెక్ట్లీ' ఉండాల్సిన చోటే ఉంది. చేసేవాడు ఎక్కడా లేడు. నా పిల్లలెవరైనా అట్లా రాస్తే పూర్తి మార్కులు వేసేదాన్ని.

"ఎవరు తీసుకోరమ్మా లెక్కలోకి?" అని అడిగాను.

ఆ పిల్లకు నా ప్రశ్న అర్థం కాలేదు. "ఎవరని కాదు మేడం, ప్రాసెస్ అట్లుంటది," అంది జాలిగా. "ఆర్నెల్ల తర్వాత మళ్ల రాయొచ్చు. అప్పటిదాంక లినెన్ సెక్షన్ల, బట్టల బండి కాడ."

ఆటోలో తిరిగి వస్తుంటే ఏడుపు రాలేదు. నీరసం వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఇదా నేర్పింది అనిపించింది.

తర్వాతి సోమవారం మూడింటికి తలుపు చప్పుడైంది. ఆయనే. చెప్పులు గోడకు జరిపాడు. చొక్కా అదే ఇస్త్రీలో ఉంది, చేతులు మాత్రం మారాయి. వేళ్ల చివర్లు ఆరిపోయి, మామూలు చేతుల్లా ఉన్నాయి. నోట్‌బుక్కు తీసి ముందు పెట్టుకున్నాడు.

"మన గది ముందల నుంచే బట్టల బండి నూకుత మేడం," అన్నాడు. "కొత్త పిల్లగాండ్లు సర్దుతున్నరు. చిమ్టాలు ఓ దిక్కు, కత్తెర్లు ఓ దిక్కు. కండ్ల ముంగట ఖరాబ్ అవుతుంటె చూస్తున్న. చెయ్యి వెట్టనియ్యరు. నిన్న ఆగలేక ఒక్క ట్రే ముట్టుకున్న, చాచా నువ్వు పో అన్నరు."

ఇక దాచడం నా వల్ల కాలేదు.

"భాయ్, గల్తీ వాళ్లది కాదు. మీది గూడ కాదు. నాది," అన్నాను. వంటగట్టు దగ్గరికి వెళ్లి డబ్బా తెచ్చి ఆయన ముందు మూత తీశాను. "ప్రశ్నలు వరుసగ రావు. ఎట్లొస్తే గట్ల, అడిగిన దానికే జవాబు రాయాలె. గా శనివారం ఇవి తీసి మీతోని అది చేయించాల్సి ఉండె. చీటీలు రాసే పెట్టిన. నాకు శాతకాలే. అలసిపోయి పంపించేసిన మిమ్మల్ని."

ఆయన ఒక చీటీ తీసి, చదివి, మళ్లీ మడిచి డబ్బాలో వేశాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండనిపించింది.

"మా పనిల గట్లంటే నడవది మేడం," అన్నాడు మెల్లగా. "ఇరువై ఆరేండ్లు నేను గూడ అలసిపోయిన. ఒక్క దినం గూడ కడగకుండ పైకి పంపలే."

కింద గల్లీలో కూరగాయల బండివాడు కేక పెట్టుకుంటూ పోయాడు. ఆయన లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. డబ్బాను తన వైపు జరుపుకుని చీటీలన్నీ బల్ల మీద పోశాడు.

"చెప్పున్రి. ఏం చెయ్యాలె వీటితోని?"

నేను కళ్లు తుడుచుకుని, నీళ్లు తాగి వచ్చేసరికి, ఆయన ఆ పది చీటీలనూ విప్పి, మడతలు చేత్తో సాపు చేసి, ఒకటి నుంచి పది దాకా వరుసగా పేర్చాడు. అంచులు ఒక్కటి కూడా వంకర లేదు. తప్పు చేయలేదు కదా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

నేను రెండు చేతులూ పెట్టి వాటిని కలిపేశాను.